ముట్టినట్టు సంతకం

గుంటూరులో బి.ఏ. చదువుతున్నామని చెప్పుకోవడం మా పిల్లలకి కాస్త ఇబ్బందిగానే ఉండేది. సందుకో ఎంసెట్ కోచింగ్ బోర్డున్న ఊరు మాది. బస్సులో పక్క సీటాయన "ఏం చదువుతున్నావమ్మా?" అని అడగడం, "బి.ఏ. అండీ" అనగానే "అయ్యో, సీటు రాలేదా?" అని జాలిపడటం మామూలే. "వచ్చిందండీ, బి.ఏ.లో" అని ఒకమ్మాయి జవాబిచ్చిందట. ఆ మాట మా కాలేజీలో చాలాకాలం తిరిగింది.

హెచ్.ఈ.పి. గ్రూపు అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. మూడోది నా సబ్జెక్టు. 1988లో ఒక ఎయిడెడ్ కాలేజీలో చేరి అక్కడే రిటైరయ్యాను. పిల్లల్లో కొందరు రేపల్లె ప్యాసింజరు దిగి పరుగున వచ్చేవాళ్లు. కొందరు పెదనందిపాడు, ప్రత్తిపాడు, ఫిరంగిపురం వైపు నుంచి బస్‌పాసుల మీద వచ్చేవాళ్లు. పాత గుంటూరు, సంగడిగుంట, నల్లచెరువు పిల్లలకి సైకిళ్లు. రైలు లేటయితే మొదటి పీరియడ్‌లో సగం బెంచీలు ఖాళీ. మిర్చి కోతలప్పుడు వారం పది రోజులు కనిపించని వాళ్లూ ఉండేవాళ్లు. తిరిగొచ్చాక వేళ్లు మండుతున్నాయని పెన్ను పట్టుకోలేకపోయేవాళ్లు.

పాఠమంటే అప్పట్లో నోట్సు చెప్పడమే. రాజ్యానికి గార్నర్ నిర్వచనం, లాస్కి నిర్వచనం, సార్వభౌమాధికార లక్షణాలు. నేను కామా దగ్గర ఆగితే పెన్నులన్నీ ఆగేవి. పరీక్షల ముందు ఎలాగూ గైడు కొంటారు, అందులోనూ ఇదే ఉంటుంది. నేను చదువుకున్నదీ అలాగే కాబట్టి నాకేమీ వింతగా అనిపించలేదు.

ఆ మరుసటి ఏడు కాస్త కదలిక వచ్చింది. రాజ్యాంగం 61వ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. 1989 మార్చి 28 నుంచి అమలు. ఆ నవంబరులోనే లోక్‌సభకీ, మన అసెంబ్లీకీ కలిపి ఎన్నికలు. నిన్నటిదాకా ఇంకా మూడేళ్లు ఆగాలనుకున్న పిల్లలు ఒక్కసారిగా ఓటర్లయిపోయారు. అందరూ కాదు లెండి. బడిలో చేర్పించిన రోజు హెడ్మాస్టరుగారు తోచిన తారీఖు వేసేస్తే, సర్టిఫికెట్ల ప్రకారం సగం క్లాసు జూన్ ఒకటో తారీఖునో, జులై ఒకటో తారీఖునో పుట్టినవాళ్లే. అసలు వయసు పందొమ్మిది, కాగితం మీద పదిహేడు. "పార్లమెంటు రాజ్యాంగాన్ని మార్చింది కానీ, మా హెడ్మాస్టరు వేసిన తారీఖు మార్చలేకపోయింది మేడమ్" అన్నాడొకడు. వాడికి ఆ ఏడు ఓటు రాలేదు.

వాడే ఇంకో మాట అడిగాడు. "పద్దెనిమిదేళ్లకి ముఖ్యమంత్రిని ఎన్నుకునే తెలివి ఉంటుందన్నారు కదా, మరి కాలేజీ ప్రెసిడెంటుని ఎన్నుకునే తెలివి ఉండదా?" రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు అప్పటికే ఆగిపోయాయి. స్టాఫ్ రూంలో ఈ సంగతి చెబితే మా సీనియర్ మాస్టారు ఒకాయన, "ఎన్నికలున్న రోజుల్లో నువ్వు లేవమ్మా, సైకిల్ చైన్లు చూడలేదు" అన్నారు. ఆయన చూసినవి చూసే ఉంటారు, కాదనను. అయినా ఓడిపోయినవాడు మర్నాడు అదే క్లాసులో గెలిచినవాడి పక్కన కూర్చోవాలి. ఆ అలవాటు పడటానికి కాలేజీకి మించిన చోటు లేదని నేను ఇవాళ్టికీ అంటాను.

సిలబస్‌లో ఇంగ్లండు పార్లమెంటు, అమెరికా సెనేటు, స్విట్జర్లాండ్ రెఫరెండం అన్నీ ఉండేవి. స్విస్ కాంటన్ల గురించి గడగడా అప్పజెప్పే పిల్లలకి పక్కనున్న చీరాల సంగతి తెలియదు. చీరాల, పేరాల ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్లు ఖాళీ చేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. మున్సిపాలిటీ ఉంది, పన్ను కట్టడానికి మనుషులు లేరు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి ఆ పాకల మధ్య రామదండు అనే వాలంటీర్ల దళాన్ని నడిపాడు. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోదే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక అటు పోయింది. ఈ కథ చెబుతుంటే రాసుకోవడం మానేసి వినేవాళ్లు. పరీక్షలో రాదని తెలిసీ వినేవాళ్లు.

అలాగే పెదనందిపాడు. ఆ ఊరి పిల్లవాడు "మా ఊరి పేరు పుస్తకంలో ఉందా మేడమ్?" అని ఆశ్చర్యపోయాడు. 1922 పన్నుల నిరాకరణ, పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వం, గ్రామాధికారులు ఉద్యోగాలకు రాజీనామాలు చేయడం చెప్పాను. వాడు ఇంటికెళ్లి తాతయ్యను కూర్చోబెట్టి అడిగొచ్చాడు. జప్తు చేసిన సామాను వేలం వేస్తే పాట పాడేవాడు లేక సర్కారు మనుషులు ఎండలో నిలబడ్డారని వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారట. ఆ రోజు పాఠం వాడే చెప్పాడు. ఆంధ్ర రాష్ట్రం రోజుల్లో, 1954 నుంచి 1956 దాకా, హైకోర్టు గుంటూరులోనే ఉండేదంటే మాత్రం ఎవరూ నమ్మలేదు. "ఊరుకోండి మేడమ్" అన్నారు.

వార్డు డైరీ అనే పని మొదలుపెట్టింది ఆ తర్వాత. పంచాయతీలకీ, మున్సిపాలిటీలకీ రాజ్యాంగంలో చోటిచ్చిన 73, 74 సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. 1866 నుంచి మున్సిపాలిటీగా ఉన్న మా ఊరు 1994లో కార్పొరేషన్ అయింది. స్థానిక స్వపరిపాలన మీద వ్యాసరూప ప్రశ్న తప్పకుండా వస్తుందని పిల్లలు బట్టీ పడుతున్నారు. మీరు ఏ వార్డులో ఉంటారని అడిగితే మాత్రం దిక్కులు చూశారు. గుంటూరు-1 నియోజకవర్గమా, గుంటూరు-2 నా అంటే అదీ తెలియదు. (2009 నుంచి తూర్పు, పశ్చిమ అంటున్నాం కానీ నా నోటికి ఇప్పటికీ వన్, టూ అనే వస్తుంది.)

అందరినీ ఒక్కో లాంగ్‌బుక్ కొనుక్కోమన్నాను. మీ వార్డు నంబరెంత, కార్పొరేటరు ఎవరు, కుళాయి ఎన్నింటికి వస్తుంది, చెత్త ఎవరు తీస్తారు, వీధి దీపం పోతే ఎవరికి చెప్పాలి. పల్లెటూళ్ల వాళ్లయితే సర్పంచ్ ఎవరు, గ్రామసభ పెట్టారా. అప్పటి చట్టం ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టాలి. పెట్టకపోయినా పెట్టినట్టు రాసుకునే ఊళ్లున్నాయని పిల్లలే కనిపెట్టారు. వీటిలో ఏదో ఒక్క సమస్య పట్టుకుని ఏడాది పొడుగునా దాని వెంటపడాలి. బ్రాడీపేట పిల్లలు కొందరు "మా వీధిలో సమస్యల్లేవు మేడమ్" అని ఒక్క వాక్యం రాసి తెచ్చారు. అయితే మీ ఇంటి పన్ను ఎంతో, ఏ లెక్కన వేశారో కనుక్కురండి అన్నాను. నాన్నలకి తలనొప్పి మొదలైంది.

పాత గుంటూరు వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి వాళ్ల సందు చివరి వీధి కుళాయిని ఎంచుకుంది. కుళాయి గుంటను ఆనుకునే సైడు కాలువ. తూము పూడిపోయి, వాన పడితే కాలువ నీళ్లు గుంటలోకి వచ్చేస్తాయి. తెల్లవారుజామున బిందెలతో నిలబడే ఆడవాళ్లు ముందు ఆ మురుగు తోడిపోసి, తర్వాత నీళ్లు పట్టుకోవాలి. అర్జీ రాసుకురమ్మంటే ఒకటిన్నర పేజీ తెచ్చింది. "మహారాజశ్రీ" దగ్గర మొదలై, నాన్న జబ్బు, అమ్మ కూలి, తమ్ముడి చదువు మీదుగా కుళాయి దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది. మొత్తం కొట్టేశాను. ఏ సందు, ఎవరి ఇంటి ఎదురు, ఎన్నాళ్ల నుంచి, ఏం చేయాలి. నాలుగు వాక్యాలు చాలు అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. బతిమాలితేనే పని అవుతుందని వాళ్లింట్లో చిన్నప్పటి నుంచీ విని ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాను. రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తారీఖు, ఇన్‌వార్డ్ నంబరు, ఆఫీసు స్టాంపు వేయించుకో. అవి లేకుండా వస్తే అర్జీ ఇవ్వనట్టే లెక్క, మార్కులు లేవు.

పిల్లల వెంట ఆఫీసులకి నేను వెళ్లకూడదని ముందే అనుకున్నాను. అందుకని అక్కడేం జరిగిందో ఆ పిల్ల క్లాసులో నటించి చూపిస్తేనే తెలిసింది. గుమాస్తాగారు కాగితం తీసుకుని, చదవకుండానే పేపర్ వెయిట్ కింద పెట్టి, "సరేనమ్మా, చూస్తాం" అన్నారట. ఈ పిల్ల కదల్లేదు. రెండో కాపీ ముందుకు జరిపి, "ముట్టినట్టు రాసివ్వండి సార్" అంది. "ఎందుకు? మా మీద నమ్మకం లేదా?" అన్నారాయన. "నమ్మకం ఉందండీ, మా మేడమే మార్కులు వేయరు." పక్క టేబులాయన పకపకా నవ్వాడట. గుమాస్తాగారు విసుక్కుంటూనే డ్రాయర్‌లోంచి స్టాంపు తీసి, ఇంకు ప్యాడ్ ఎండిపోయి ఉంటే దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి, గట్టిగా అదిమారట. ఆ కాపీ క్లాసంతా చేతులు మారింది. నీలం గుండ్రం సగమే పడింది, నంబరు మాత్రం స్పష్టంగా ఉంది.

నెల దాటినా ఎవరూ రాలేదు. ఆ నంబరు, తారీఖు వేసి రెండో అర్జీ పెట్టించాను. ఈసారి మనుషులొచ్చి తూము మార్చారు. కుళాయి చుట్టూ గచ్చు చేయమన్నది మాత్రం చేయలేదు. సగం పని అయినందుకు సందులో ఆ పిల్లకి "కాగితాల పిల్ల" అని పేరొచ్చింది. పింఛన్లు, రేషన్ కార్డుల అర్జీలన్నీ వాళ్లింటి అరుగు మీదికే వచ్చేవట. వాళ్లమ్మ కాలేజీకొచ్చి, "చదువుకోనివ్వటం లేదమ్మా జనం" అని నాతో మొత్తుకుంది. మొహంలో మాత్రం గర్వం దాగలేదు.

అందరు తల్లిదండ్రులూ అలా లేరు. ఒక తండ్రి నేరుగా ప్రిన్సిపాల్ గదికి వచ్చి, "చదువు చెప్పమని పంపితే మావాడిచేత అర్జీలు పెట్టిస్తున్నారేంటి? ఆ కాంట్రాక్టరు మా వీధిలోనే ఉంటాడు. రేపు మాకేమన్నా అయితే మీరొస్తారా?" అని నిలదీశాడు. ఆయన భయంలో తప్పేముంది? రాత్రి ఆ వీధిలో పడుకునేది వాళ్లు, నేను కాదు. అప్పటి నుంచి డైరీలో అర్జీ రాసి చూపిస్తే చాలు, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్లిష్టం అని నియమం మార్చాం. ఆ కుర్రాడు ఇచ్చాడో లేదో నేను అడగలేదు.

2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చాక డైరీలకి కొత్త ఊపు వచ్చింది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పిల్లలు ఉత్సాహంగా "మా రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడిగారు. ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం చట్టం ప్రకారం సమాచారం కిందికి రాదని తిప్పి పంపారు. క్లాసంతా కోపంతో ఊగిపోయింది. ఆఫీసు వాళ్లు చెప్పింది కరెక్టేనని నేననడంతో ఆ కోపం నా మీదికి మళ్లింది. చట్టం ఇచ్చేది ఉన్న కాగితాన్ని. కాబట్టి కాగితం పేరు చెప్పి అడగాలి: ఎస్టిమేట్ కాపీ, వర్క్ ఆర్డరు తారీఖు, ఎం-బుక్‌లో, అంటే చేసిన పనిని కొలిచి రాసే ఆఫీసు పుస్తకంలో, ఉన్న కొలతలు.

ఎం-బుక్ కాపీ చేతికొచ్చిన రోజు ముగ్గురు కుర్రాళ్లు టేపు పట్టుకుని సిమెంటు రోడ్డు కొలవడానికి దిగారు. ఇళ్లలోంచి జనం బయటికొచ్చేశారు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలుస్తున్నారనుకుని ఒకావిడ గుమ్మంలో అడ్డంగా నిలబడి, "మా అరుగు జోలికొస్తే ఊరుకోను" అందట. ఆమెకి ఎం-బుక్ అంటే ఏమిటో చెప్పేసరికి సాయంత్రమైంది. కొలతలు దాదాపు సరిపోయాయి. అదీ డైరీలో రాయమన్నాను, తప్పు దొరకలేదని దాచకూడదు కదా. ఆ ముగ్గురికీ మాత్రం బోలెడంత నిరాశ.

మాక్ పార్లమెంటు గురించి ఎక్కువ చెప్పను. ఏటా చేసేవాళ్లం. ప్రశ్నోత్తరాలు, జీరో అవర్ అన్నీ పద్ధతిగానే మొదలయ్యేవి. ఒకసారి ప్రతిపక్షం వాకౌట్ చేసి క్యాంటీన్‌కి పోయింది, మళ్లీ రాలేదు. ప్రభుత్వం బిల్లు పాస్ చేసుకుని తనూ క్యాంటీన్‌కి పోయింది. టీవీలో చూసింది చేశారు, ఎవరినని ఏం లాభం.

దానికంటే ఎన్నికల డ్యూటీ నుంచి నేను పట్టుకొచ్చే కబుర్లే పిల్లలకి ఇష్టం. ఓటరు గుర్తింపు మీద అభ్యంతరం ఉంటే ఏజెంటు 2 రూపాయలు కట్టి సవాలు చేయవచ్చంటే, "రెండు రూపాయలకే గొడవా!" అని మురిసిపోయేవాళ్లు. ఒక ఎన్నికలో ఒక మామ్మగారు చీటీ పట్టుకొచ్చారు. చూస్తే ఆవిడ పేరు మీద అప్పటికే ఓటు పడిపోయింది. ఆవిడ వేలికి సిరా లేదు. అడిగిన వివరాలన్నీ సరిగ్గా చెప్పింది. అలాంటప్పుడు టెండర్ ఓటు ఇస్తాం. బ్యాలెట్ పేపరు మీద గుర్తు వేయించి, పెట్టెలో వేయకుండా విడిగా కవర్లో పెడతాం. "ఇది లెక్కేస్తారా అమ్మా?" అని అడిగింది. మామూలు లెక్కింపులో కలపరు, కోర్టు అడిగితేనే విప్పుతారు అని ఉన్నమాట చెప్పాను. కాసేపు నిలబడి, "అయితే అయింది, నా ఓటు నేనేసుకుని పోతా" అని లోపలికి వెళ్లింది.

ఆ ఓటుకి విలువ ఉందా లేదా అని క్లాసులో పీరియడంతా కొట్లాడుకున్నారు. లెక్కలోకి రానప్పుడు దండగ అని సగం మంది. కోర్టుకెళితే ఆ కవరే సాక్ష్యమని మిగిలిన సగం. కాగితాల పిల్ల రెండో వైపు ఉందని వేరే చెప్పాలా.

1995 పంచాయతీ ఎన్నికల్లో ఒక అమ్మాయి వాళ్లమ్మ మహిళా రిజర్వేషన్లో సర్పంచ్ అయ్యారు. ఊళ్లో అందరూ సర్పంచ్ గారంటే వాళ్ల నాన్ననే పిలిచేవాళ్లు. గ్రామసభలో కుర్చీలో ఆయనే కూర్చునేవాడు. పిల్ల ఇంట్లో ఏం చేసిందో తెలియదు కానీ, ఆ తర్వాతి సభకి వాళ్లమ్మ కుర్చీలో, నాన్న జనంలో ఉన్నారని డైరీలో రాసింది. కింద ఇంకో వాక్యం: "నాన్న మధ్యలో లేచి వెళ్లిపోయారు."

నన్ను బాగా బాధపెట్టింది ఇవేవీ కాదు. 2005లో ఎన్నికైన కార్పొరేషన్ పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. నల్లపాడు, గోరంట్ల లాంటి చుట్టుపక్కల ఊళ్లను కలపడం, వార్డుల విభజన, వాయిదా మీద వాయిదా. మళ్లీ ఎన్నిక జరిగింది 2021 మార్చి 10న. ఆ మధ్య ఏళ్లన్నిటా 74వ సవరణ గురించి బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. అయిదేళ్లకోసారి తప్పనిసరిగా ఎన్నికలు, రద్దయితే ఆరు నెలల్లోపు మళ్లీ ఎన్నిక. వెనక బెంచీ నుంచి "మన ఊళ్లోనా మేడమ్?" అని వినిపించేది. డైరీలో కార్పొరేటరు పేరు రాసే చోట "స్పెషలాఫీసరు" అని రాసి మూడేళ్లు చదివి వెళ్లిపోయిన బ్యాచీలెన్నో. వాళ్లు వార్డు మెంబరుకి ఓటేసే నాటికి కొందరికి పిల్లలు పుట్టి బళ్లో చేరారు. ఆ పోలింగ్ నాటికి నేనూ రిటైరయ్యాను. యాభై ఏడు డివిజన్ల కొత్త జాబితాలో నా డివిజన్ ఏదో వెతుక్కోవడానికి నాకే చాలాసేపు పట్టింది.

ఇప్పుడు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపొకటి ఉంది. అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. ఎన్నికలప్పుడు అలిగి కొందరు గ్రూపు వదిలిపోతారు, ఫలితాలొచ్చిన వారానికి మళ్లీ చేరతారు. డౌట్లు మాత్రం నన్నే అడుగుతారు. ఓటు ఇంకో ఊరికి మార్చుకోవాలంటే ఏ ఫారం అని హైదరాబాద్‌లో ఉంటున్న ఒకడు ఆ మధ్య అడిగాడు. ఇప్పుడు ఎక్కడికి మార్చుకున్నా ఫారం 8 ఒక్కటే, పాత 8ఏ తీసేశారు అని రాశాను. వాడు మార్చుకోవడానికి అడగలేదట, వాళ్లావిడ మార్చుకోమంటుంటే తప్పించుకోవడానికి అడిగాడు. ఉద్యోగం, కాపురం, పిల్లల బడి అన్నీ మియాపూర్‌లో. ఓటు ఫిరంగిపురంలో. 2024 మే 13న పోలింగంటే ముందు రోజు రాత్రి బస్సులో నిలబడి వచ్చాడు.

మామూలుగా ఎక్కడ నివాసముంటే అక్కడే ఓటుండాలని 1950 నాటి చట్టం, ఊళ్లో సొంత ఇల్లున్నంత మాత్రాన సరిపోదని గుర్తుచేశాను. నీ వీధి చెత్త ఎత్తేది అక్కడి కార్పొరేషన్, నువ్వు అడగాల్సింది వాళ్లని అన్నాను. "చట్టం మీరే చెప్పారు మేడమ్, చీరాల కథా మీరే చెప్పారు. ఊరొదిలేసి పోయినా వాళ్లు ఆ ఊరి వాళ్లే కదా" అన్నాడు. వాళ్లు పన్ను కట్టనని పోయారు, నువ్వు జీతం కోసం పోయావు, రెండూ ఒకటెలా అవుతాయి అన్నాను. మిగిలినవాళ్లు చెరో పక్షం చేరారు. వాళ్లావిడ కూడా నా పాత విద్యార్థే, ఆమె నా వైపు. వాడు మాత్రం ఇంకా ఫారం నింపలేదు.